సూట్‌కేసు మోయకుండా క్యోటో చూడటం: లాకర్, హోటల్, కౌంటర్, పార్సిల్‌లలో ఎప్పుడు ఏది

జపాన్ వెళ్లబోయే వాళ్లు ప్లాన్ అంతా వేసుకున్నాక ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతారు. పొద్దున్నే క్యోటోలో దిగుతాం, హోటల్ వాళ్లు గది మధ్యాహ్నం మూడింటికి గానీ ఇవ్వరు, ఈలోపు సూట్‌కేసులు ఏం చేయాలి? ఊరు వదిలే రోజు కూడా ఇదే సమస్య. పది, పదకొండింటికల్లా గది ఖాళీ చేయాలి, రైలేమో రాత్రికి.

క్యోటోలో ఈ సమస్య మిగతా ఊళ్లకంటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కియోమిజు-దేరా గుడికి వెళ్లే సన్నెన్‌జకా, నినెన్‌జకా వీధుల నిండా రాతి మెట్లు, వాలు దారులు. ఫుషిమి ఇనారి గుడిలో ఎర్ర తోరణాల కింద నుంచి కొండెక్కే దారి చాలావరకు మెట్లే. చక్రాల పెట్టె అక్కడ చక్రాల మీద నడవదు, చేత్తో ఎత్తి మోయాల్సిందే. సిటీ బస్సులు ఇరుకు. పెద్ద సామానుతో బస్సెక్కకుండా ఎక్కడైనా పెట్టి రమ్మని క్యోటో నగరపాలక సంస్థే పర్యాటకులను కోరుతోంది.

దీనికి దారులు నాలుగున్నాయి: హోటల్, కాయిన్ లాకర్, స్టేషన్ కౌంటర్, పార్సిల్. నాలుగూ బాగానే పనిచేస్తాయి. చిక్కల్లా ఏ రోజుకి ఏది వాడాలో తెలియకపోవడమే.

## 1. ముందు ఒక ప్రశ్నకి జవాబు రాసుకోండి

చాలామంది "పొద్దున్న పెట్టె ఎక్కడ వదలాలి?" అని మొదలుపెడతారు. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది: ఈ రాత్రికి ఆ పెట్టె ఎక్కడ ఉండాలి?

ఎందుకంటే స్టేషన్ లాకర్‌లో పెట్టారంటే సాయంత్రం మళ్లీ స్టేషన్‌కి రావాలి. మీ హోటల్ స్టేషన్‌కి దూరంగా గియోన్ అనే పేటలో ఉండి, చివరగా చూసేది కియోమిజు-దేరా అయితే, పెట్టె కోసమే స్టేషన్‌కి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం అలిసిపోయిన కాళ్లకి శిక్ష. సాయంత్రం ఐదు తర్వాత బస్సుల రద్దీ కూడా తోడవుతుంది.

కాగితం మీద ప్రతి రోజుకీ మూడు గడులు గీయండి: పొద్దున్న పెట్టె ఎక్కడుంది, రాత్రికి ఎక్కడుండాలి, మధ్యలో దాంతో నాకేమైనా పనుందా. అవి నింపాక ఇలా ఎంచుకోండి:

- రాత్రి బస క్యోటోలోనే, హోటల్ స్టేషన్‌కి దగ్గర: నేరుగా హోటల్‌కి వెళ్లి ఇచ్చేయండి.
- రాత్రి బస క్యోటోలోనే, హోటల్ దూరం: స్టేషన్ కౌంటర్ నుంచి హోటల్‌కి పంపించండి, లేదా టాక్సీలో హోటల్‌కి తీసుకెళ్లి వదలండి.
- క్యోటో మధ్యలో కొన్ని గంటల మజిలీ మాత్రమే, రాత్రికి ఒసాకానో హిరోషిమానో: స్టేషన్ లాకర్.
- క్యోటోలో ఒకటి రెండు రాత్రులే, ఆ తర్వాత ఇంకో ఊరు: పెద్ద పెట్టెను క్యోటోకి ముందు దిగిన ఊరి నుంచి క్యోటో తర్వాతి ఊరికే పార్సిల్ చేసి, క్యోటోకి చిన్న బ్యాగుతో రండి.

నా ఉద్దేశంలో ఈ చివరిదే అన్నిటికంటే మేలైన పద్ధతి. మనవాళ్లు దీన్ని చాలా తక్కువగా వాడుతున్నారు. దాని గురించి ఏడో భాగంలో వివరంగా రాశాను.

## 2. బయల్దేరకముందే ఇంట్లో చేయాల్సిన పనులు

పెట్టెను కొలవండి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి ఎన్ని సెంటీమీటర్లో చూసుకోండి. చక్రాలు, పిడి కూడా లెక్కలోకి వస్తాయి. ఈ ఒక్క అంకె మీద రెండు విషయాలు ఆధారపడి ఉన్నాయి.

మొదటిది షింకాన్సెన్, అంటే బుల్లెట్ రైలు. టోక్యో, క్యోటో, ఒసాకా మీదుగా నడిచే రైళ్లలో 2020 మే నుంచి ఒక నిబంధన ఉంది. మూడు కొలతల మొత్తం 160 సెంటీమీటర్లు దాటి 250 లోపు ఉన్న సామానుకి, దాని కోసం కేటాయించిన సీటును ముందే రిజర్వ్ చేసుకోవాలి. దీనికి అదనపు చార్జీ లేదు. రిజర్వ్ చేయకుండా ఎక్కిస్తే 1,000 యెన్లు కట్టించుకుంటారు. 250 దాటితే అసలు ఎక్కనివ్వరు.

రెండోది పార్సిల్ చార్జీ. యమాటో అనే పార్సిల్ సంస్థ తీసుకునే పార్సిళ్లకి 60, 80, 100, 120, 140, 160, 180, 200 అనే సైజులుంటాయి. అంకె ఆ మూడు కొలతల మొత్తమే. ప్రతి సైజుకీ బరువు పరిమితి ఉంది: 140కి 20 కిలోలు, 160కి 25 కిలోలు. కొలత సరిపోయినా బరువు దాటితే పై సైజు చార్జీ పడుతుంది. మన విమానాల్లో ఇచ్చే 23 కిలోల చెక్-ఇన్ పెట్టె మామూలుగా 160 సైజులో సరిపోతుంది. 30 కిలోలు కుక్కిన పెట్టె సరిపోదు.

పేరు ఒకేలా ఉండేలా చూసుకోండి. మన తెలుగువాళ్లు దీన్ని తప్పకుండా పట్టించుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, హోటల్ బుకింగ్‌లో ఇంకో చోట, పెట్టె మీద చీటీలో పొట్టి పేరు ఉంటే, కౌంటర్ దగ్గర ఉన్న మనిషి ఈ మూడూ ఒకరివేనని ఎలా గుర్తుపట్టాలి? బుకింగ్ భార్య పేరు మీద ఉండి, పార్సిల్ చీటీ భర్త పేరు మీద రాస్తే హోటల్ వాళ్లు "ఈ పేరుతో మా దగ్గర గెస్ట్ లేరు" అనుకునే ప్రమాదం ఉంది. ఎవరి పేరు మీద బుక్ చేశారో ఆ పేరే, అవే అక్షరాలతో, అదే వరసలో అన్నిచోట్లా రాయండి.

హోటల్‌కి ఒక మెయిల్ పెట్టండి. అందులో ఇవి అడగండి:

- చెక్-ఇన్‌కి ముందు సామాను తీసుకుంటారా, ఎన్ని గంటల నుంచి?
- చెక్-అవుట్ అయ్యాక ఎన్ని గంటల వరకు ఉంచుతారు?
- పార్సిల్‌లో వచ్చిన పెట్టె తీసుకుంటారా, ఎన్ని రోజుల ముందు వస్తే పర్లేదు?
- ఫ్రంట్ డెస్క్ దగ్గర పార్సిల్ బుక్ చేస్తారా?

మామూలు హోటళ్లలో వీటన్నిటికీ అవుననే జవాబొస్తుంది, సామాను ఉంచినందుకు డబ్బు తీసుకోరు. జాగ్రత్త పడాల్సింది అద్దెకిచ్చే పాత చెక్క ఇళ్లు, అపార్ట్‌మెంట్ల విషయంలో. క్యోటోలో ఇవి చాలా ఉన్నాయి, కుటుంబాలకి బాగుంటాయి కూడా. కానీ వాటిలో చాలావాటికి ఫ్రంట్ డెస్క్ ఉండదు. తాళం కోడ్ మూడింటికి గానీ పనిచేయదు, పార్సిల్ వస్తే తీసుకునే మనిషి ఉండడు. అలాంటి చోట దిగుతుంటే మీ ప్లాన్ లాకర్ మీదో కౌంటర్ మీదో నడవాలి.

## 3. రోజంతా దగ్గర ఉంచుకునే చిన్న బ్యాగు

పెట్టెను వదిలేశాక "అయ్యో, అది అందులో ఉండిపోయింది" అనే టెన్షన్ రాకూడదంటే, ముందు రోజు రాత్రే ఈ బ్యాగు వేరుగా సర్దండి. వీపున తగిలించుకునేది, 20 లీటర్ల లోపుది చాలు.

- పాస్‌పోర్టు. జపాన్‌లో విదేశీ పర్యాటకులు దీన్ని ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలన్నది చట్టం.
- నగదు, అందులో 100 యెన్ల నాణేలు కొన్ని. గుళ్లలో టికెట్‌కి చాలా చోట్ల నగదే తీసుకుంటారు.
- ఐకోకా లేదా సుయికా కార్డు. ముందే డబ్బు వేసుకుని రైళ్లలో, బస్సుల్లో వాడే కార్డులివి.
- బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్. రోజుకి సరిపడా కాదు, కనీసం రెండు రోజులకి.
- ఫోన్, చార్జర్, పవర్ బ్యాంక్.
- ఒక జత మేజోళ్లు. చాలా గుళ్లలో, నిజో కోట లోపలి భవనంలో చెప్పులు విప్పి చెక్క నేల మీద నడవాలి. చలికాలంలో ఆ నేల మంచులా ఉంటుంది.
- చిన్న తువ్వాలు. చేతులు తుడుచుకోవడానికి కాగితం లేని టాయిలెట్లు చాలానే ఉంటాయి.
- చెత్త వేసుకునే కవరు. వీధుల్లో చెత్తబుట్టలు దాదాపు కనిపించవు.
- మడత గొడుగు, మంచినీళ్ల సీసా.
- శాకాహారులైతే మధ్యాహ్నానికి సరిపడా ఏదైనా. సూపుల్లో, సాస్‌లలో చేపల రసం కలిపి ఉండటం అక్కడ మామూలు. పులిహోర పొడి, చపాతీ లాంటివి పెట్టెలో ఉండిపోతే సాయంత్రం దాకా ఇబ్బంది.

బస్సులో ఈ బ్యాగును వీపు మీద నుంచి తీసి ముందువైపు పట్టుకోండి.

## 4. దారి ఒకటి: పొద్దున్నే హోటల్‌కి ఇచ్చేయడం

స్టేషన్‌కి పది నిమిషాల నడకలో హోటల్ ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. డెస్క్ దగ్గర బుకింగ్ పేరు చెప్పండి, "నిమోత్సు ఒ అజుకెతె మొ ఈ దెసు కా" అనండి. సామాను ఉంచుకుంటారా అని అడగడం అది. ఒక టోకెన్ ఇస్తారు, దాన్ని ఫోటో తీసుకోండి.

హోటల్ దూరమైతే ఒక లెక్క వేసి చూడండి. ముగ్గురి కుటుంబానికి మూడు పెద్ద పెట్టెలుంటే లాకర్లకే మూడు వేల యెన్ల దాకా అవుతుంది. క్యోటో స్టేషన్ నుంచి ఊరి మధ్యలో ఉన్న హోటల్‌కి టాక్సీ సుమారు 1,500 నుంచి 2,000 యెన్లలో తేలిపోతుంది. అంటే టాక్సీలో వెళ్లి పెట్టెలు వదిలి, అక్కడి నుంచే తిరగడం మొదలుపెట్టడం చవక, సుఖం కూడా. ఒక్కటే పరిమితి: మామూలు టాక్సీ వెనక డిక్కీలో పెద్ద పెట్టెలు రెండు పడతాయి, మూడోది ముందు సీటులో పెట్టాల్సి రావచ్చు. నలుగురు, నాలుగు పెట్టెలు అయితే రెండు టాక్సీలు లేదా పెద్ద వ్యాన్ టాక్సీ కావాలి.

## 5. దారి రెండు: కాయిన్ లాకర్

క్యోటో స్టేషన్‌లో లాకర్లు ఒక చోట కాదు, చాలా చోట్ల ఉన్నాయి. ఉత్తరాన కరసుమా వైపు, దక్షిణాన షింకాన్సెన్ ఉండే హచిజో వైపు, భూగర్భ అంతస్తులో, మెట్రో దగ్గర. మొదట కనిపించిన వరసలో అన్నీ ఎర్ర లైట్లే ఉన్నాయని నిరాశపడి వెళ్లిపోకండి. జనం ఎక్కువగా దిగే గేటుకి ఎదురుగా ఉన్నవి ముందు నిండిపోతాయి, కాస్త మూలన ఉన్నవి తర్వాత నిండుతాయి.

ధరలు. చిన్నవి 400 నుంచి 500, మధ్యవి 500 నుంచి 700, పెద్దవి 700 నుంచి 1,000 యెన్ల ప్రాంతంలో ఉంటాయి. చిన్నదానిలో క్యాబిన్ బ్యాగు మాత్రమే పడుతుంది. చెక్-ఇన్ పెట్టెకి పెద్దదే కావాలి, స్టేషన్‌లో తక్కువగా ఉండేవీ అవే.

వేళ. చెర్రీ పూల కాలం అంటే మార్చి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు, ఎర్రాకుల కాలం అంటే నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ మొదలు వరకు, జులైలో గియోన్ ఉత్సవం రోజులు. ఈ మూడింటిలో పెద్ద లాకర్లు ఉదయం పదికల్లా అయిపోతాయనుకునే బయల్దేరండి.

వాడే వరస:

1. పెట్టె పెట్టే ముందు అందులోంచి తీయాల్సినవి తీసేయండి. ఒకసారి మూశాక తెరిస్తే చాలా లాకర్లలో మళ్లీ కొత్తగా డబ్బు కట్టాలి.
2. తలుపు మూసి గొళ్లెం పడేదాకా నొక్కండి.
3. తెర ఉన్న యంత్రమైతే భాష మార్చుకుని, నగదా కార్డా ఎంచుకోండి. పాత తాళంచెవి లాకర్లు 100 యెన్ల నాణేలే తీసుకుంటాయి.
4. రసీదు వస్తే అందులో పిన్ నంబరో క్యూఆర్ కోడో ఉంటుంది. వెంటనే ఫోటో తీయండి.
5. కార్డుతో కట్టారంటే ఆ కార్డే తాళంచెవి. కుటుంబంలో ఎవరి ఐకోకాతో వేశారో ఫోన్‌లో రాసుకోండి. అందరివీ ఒకేలా ఉంటాయి, సాయంత్రం నాలుగు కార్డులూ పెట్టి చూడాల్సి వస్తుంది. ఈలోపు ఆ కార్డును రైళ్లలో మామూలుగా వాడుకోవచ్చు.
6. లాకర్ నంబరే కాదు, అది ఉన్న చోటునీ ఫోటో తీయండి: పైన ఉన్న బోర్డు, పక్కనున్న దుకాణం, దగ్గరి గేటు పేరు.

చార్జీ లెక్క. స్టేషన్ లాకర్లలో ఎక్కువ భాగం 24 గంటల లెక్కన కాదు, తేదీ లెక్కన నడుస్తాయి. రాత్రి పది గంటలకి పెట్టి మర్నాడు పొద్దున్న ఏడింటికి తీస్తే రెండు రోజుల డబ్బు కట్టాలి. మామూలుగా మూడు రోజులకి మించి ఉంచకూడదు, దాటితే సామాను తీసి వేరే చోట భద్రపరుస్తారు. లాకర్ మీద రాసిన నియమం ఒకసారి చదవండి.

స్టేషన్ నిండిపోతే కెయిహాన్ లైన్‌లోని గియోన్-షిజో, హన్‌క్యూ లైన్‌లోని క్యోటో-కవరమాచి, మెట్రోలో కరసుమా ఒయికే లాంటి చోట్ల చూడండి. అరషియామా వెళ్తుంటే సాగా-అరషియామా స్టేషన్‌లో కూడా లాకర్లున్నాయి. ఎక్బో క్లోక్ అనే యాప్‌లో, దుకాణాలు, కెఫేలు సామాను దాచిపెట్టే చోట్లను ముందుగానే బుక్ చేసుకోవచ్చు. రద్దీ కాలంలో క్యూలో నిలబడే కంటే ఇది నయం. కాకపోతే ఆ దుకాణం మూసే వేళ చూసుకుని బుక్ చేయాలి.

## 6. దారి మూడు: స్టేషన్‌లో ఇచ్చి హోటల్లో తీసుకోవడం

క్యోటో స్టేషన్ భూగర్భ అంతస్తులో క్రొస్టా అనే సామాను కౌంటర్ ఉంది. ఇక్కడ పెట్టెను ఆ రోజుకి దాచుకోవచ్చు, లేదా అదే రోజు సాయంత్రానికి నగరంలోని మీ హోటల్‌కి పంపించమనొచ్చు. పొద్దున్న దిగి సాయంత్రం దాకా తిరగాలనుకునే వాళ్లకి, హోటల్ స్టేషన్‌కి దూరంగా ఉన్నవాళ్లకి ఇది చాలా ఉపయోగం.

చేయాల్సింది తక్కువే. హోటల్ పేరు, చిరునామా, బుకింగ్ పేరు, ఫోన్ నంబర్ చూపించాలి, పెట్టెకి ఇంత అని కట్టాలి, రసీదు తీసుకోవాలి. జాగ్రత్త పడాల్సినవి మూడు. అదే రోజు పంపడానికి చివరి వేళ ఒకటి ఉంటుంది, మధ్యాహ్నం దాటాక వెళ్తే కుదరకపోవచ్చు, అందుకే రైలు దిగగానే ముందు ఈ పనే చూసుకోండి. మీ హోటల్ వాళ్ల జాబితాలో ఉందో లేదో అడగండి, అద్దె ఇళ్లకి పంపరు. సాయంత్రం ఐదు, ఆరు దాటాకే పెట్టె చేతికొస్తుందనుకుని రోజు ప్లాన్ వేసుకోండి.

## 7. దారి నాలుగు: తక్యూబిన్, అంటే ఊరి నుంచి ఊరికి పెట్టె పార్సిల్

నల్ల పిల్లి బొమ్మ ఉన్న యమాటో, దాంతోపాటు సగావా, జపాన్ పోస్ట్ ఈ పని చేస్తాయి. టోక్యోలో ఈ రోజు ఇస్తే మామూలుగా రేపటికి క్యోటో హోటల్లో ఉంటుంది. ఒక పెద్ద పెట్టెకి సుమారు 2,000 నుంచి 3,500 యెన్లు అవుతుంది, సైజుని బట్టి, దూరాన్ని బట్టి.

పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఇది ఖర్చు కాదు, అవసరం అంటాను. స్టేషన్‌లో మెట్లెక్కడం దిగడం, రైలు ఆగిన కాస్త సమయంలో నాలుగు పెట్టెలు దించడం, ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని చూసుకోవడం, ఇవన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.

### 7.1 ఎక్కడ ఇవ్వాలి

మొదటి ఎంపిక మీ హోటల్ డెస్క్. "తక్యూబిన్ ఒనెగాయ్ షిమాసు" అంటే చాలు, కొలిచి, ఫారం ఇచ్చి, రాయడంలో సాయం చేస్తారు. సెవెన్-ఇలెవెన్, ఫ్యామిలీమార్ట్ దుకాణాల్లో యమాటో పార్సిళ్లు తీసుకుంటారు, లాసన్‌లో జపాన్ పోస్ట్ వాళ్లవి. కానీ దుకాణంలో రద్దీగా ఉంటే ఫారం నింపడంలో సాయం దొరకడం కష్టం. మరీ పెద్ద సైజులు అక్కడ తీసుకోరు కూడా.

### 7.2 ఫారం నింపడం

- గమ్యం: హోటల్ పేరు, ఏడంకెల పిన్‌కోడ్, చిరునామా, ఫోన్ నంబర్. హోటల్ సొంత వెబ్‌సైట్‌లోని జపనీస్ చిరునామాను ఫోన్‌లో చూపిస్తే డెస్క్ వాళ్లే రాసిపెడతారు.
- అందుకునేవారు: బుకింగ్ ఉన్న పేరు, పక్కనే చెక్-ఇన్ తేదీ. ఈ తేదీ తప్పకుండా రాయాలి. హోటల్ వాళ్లు పెట్టెను వెతికేది దీన్ని బట్టే.
- పంపేవారు: ఇప్పుడున్న హోటల్ చిరునామా, మీ పేరు.
- చేరాల్సిన తేదీ, వేళ: చెక్-ఇన్ రోజు లేదా అంతకుముందు రోజు. పొద్దున్న, మధ్యాహ్నం, సాయంత్రం అని గడులుంటాయి. సాయంత్రం చివరి గడి ఎంచుకోకండి, కాస్త ఆలస్యమైతే ఆ రాత్రి బట్టలుండవు.
- లోపల ఏముంది: బట్టలు, ప్రయాణ సామాను.
- చెల్లింపు: ముందే కట్టేయండి. అందుకునేటప్పుడు కట్టే పద్ధతి హోటళ్లకి ఇబ్బంది.

మీ దగ్గర మిగిలే కాపీలో 12 అంకెల నంబరు ఉంటుంది. పెట్టె ఎక్కడుందో చూసుకోవడానికి అదే ఆధారం.

### 7.3 మధ్య ఊరిని దాటించడం

చేరే తేదీని కొన్ని రోజుల తర్వాతకి కూడా పెట్టించుకోవచ్చు, యమాటోలో పంపిన రోజు నుంచి ఏడు రోజుల లోపు. కాబట్టి టోక్యో తర్వాత క్యోటోలో రెండు రాత్రులు, ఆపైన ఒసాకా అయితే, పెద్ద పెట్టెల్ని టోక్యో నుంచి నేరుగా ఒసాకా హోటల్‌కి పంపండి. క్యోటోకి మనిషికో చిన్న బ్యాగు, రెండు జతల బట్టలు చాలు. క్యోటోలో దిగిన రోజూ, వదిలిన రోజూ రెండూ ఇక సామాను గొడవ లేని రోజులే.

### 7.4 పెట్టెలో పెట్టకూడనివి

నగదు, పాస్‌పోర్టు, నగలు, లాప్‌టాప్, మందులు పెట్టొద్దు. నష్టం జరిగితే యమాటో భరించే హద్దు పెట్టెకి 3 లక్షల యెన్లు. పవర్ బ్యాంకు కూడా మీ దగ్గరే ఉంచుకోండి. హొక్కైడో, ఒకినావా లాంటి చోట్లకి పార్సిల్ విమానంలో వెళ్లొచ్చు, అప్పుడు బ్యాటరీలు, స్ప్రే డబ్బాలు ఉంటే ఆపేస్తారు.

ఆవకాయ సీసా ఉంటే మరీ జాగ్రత్త. లారీలో పెట్టె నిలువుగానే ఉంటుందన్న నమ్మకం లేదు, అడ్డంగా పడుకోబెట్టొచ్చు. నూనె కారితే మీ బట్టలతో పాటు పక్కవాళ్ల పార్సిల్ కూడా పాడవుతుంది. మూత చుట్టూ టేపు వేసి, రెండు జిప్ కవర్లలో పెట్టి, మధ్యలో బట్టల నడుమ ఉంచండి. ఇంకా మంచిది, చిన్న డబ్బాలోకి తీసి చేతి బ్యాగులో పట్టుకెళ్లడం.

## 8. అన్నీ కలిపి ఒక రోజు

టోక్యో నుంచి వచ్చి, గియోన్ దగ్గర హోటల్లో దిగే వాళ్ల రోజు ఇలా వేసుకోవచ్చు.

1. 9:30. షింకాన్సెన్ దిగాక ముందు కౌంటర్ దగ్గరికి వెళ్లి పెట్టెల్ని హోటల్‌కి పంపించేయండి. టోక్యో నుంచే పార్సిల్ చేసి ఉంటే ఈ మెట్టు లేదు.
2. 10:15. జేఆర్ నారా లైన్‌లో లోకల్ రైలెక్కి ఇనారిలో దిగండి. ఐదు నిమిషాల ప్రయాణం. వేగంగా వెళ్లే రైళ్లు ఇనారిలో ఆగవు, బోర్డు చూసి ఎక్కండి.
3. 10:30 నుంచి 12:30. ఫుషిమి ఇనారి. టికెట్ లేదు. కొండ మొత్తం ఎక్కక్కర్లేదు, ఊరంతా కనిపించే యొత్సుత్సుజి కూడలి దాకా వెళ్లి వెనక్కి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదటి తోరణాల వరస చూసి కింద కూర్చోవచ్చు.
4. 12:45. జేఆర్ స్టేషన్‌కి వెనక్కి వెళ్లకండి. దగ్గర్లోనే ఉన్న కెయిహాన్ ఫుషిమి-ఇనారి స్టేషన్ నుంచి గియోన్-షిజోకి రండి. సామాను క్యోటో స్టేషన్‌లో లేదు కాబట్టే ఈ దారి కుదిరింది.
5. మధ్యాహ్నం. భోజనం, యసకా గుడి, నినెన్‌జకా, సన్నెన్‌జకా మీదుగా కియోమిజు-దేరా. మామూలు రోజుల్లో సాయంత్రం ఆరింటి వరకు తెరిచి ఉంటుంది.
6. 6 తర్వాత. నడిచి హోటల్‌కి. పెట్టెలు అప్పటికే వచ్చి ఉంటాయి.

అదే లాకర్‌తో అయితే ఆరో మెట్టులో క్యోటో స్టేషన్‌కి వెళ్లి, పెట్టెలు తీసుకుని, మళ్లీ గియోన్‌కి రావాలి. తక్కువలో తక్కువ గంటన్నర.

## 9. ఊరు వదిలే రోజు

హోటల్ స్టేషన్‌కి దగ్గరైతే అక్కడే వదిలి, రైలుకి ముందు తీసుకోండి. దూరమైతే పొద్దున్నే టాక్సీలో స్టేషన్‌కి తెచ్చి లాకర్‌లో వేసి, అక్కడి నుంచి తిరగండి. చివరి రోజుకి స్టేషన్ చుట్టుపక్కల చూసేవే పెట్టుకోండి: తోజి, సన్‌జూసన్‌గెన్‌దో, తోఫుకుజి గుళ్లు. కింకాకు-జి లాంటి దూరమైనవి మొదటి రోజుల్లోనే చూసేయండి.

కన్సాయ్ విమానాశ్రయానికి పార్సిల్ చేయాలంటే ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందు ఇవ్వండి. ఫారంలో విమానం నంబరు, తేదీ, బయల్దేరే వేళ, టెర్మినల్ రాయాలి. కౌంటర్ తెరిచే వేళ మీ విమానానికి సరిపోతుందో చూసుకోండి. తెల్లవారుజాము విమానమైతే ఈ పద్ధతి వద్దు, పెట్టెలు వెంట తీసుకుని ముందు రోజే విమానాశ్రయానికి వెళ్లే హరుకా రైలెక్కండి, గంటా ఇరవై నిమిషాల్లోపే చేరుస్తుంది.

## 10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

లాకర్ రసీదు పోయింది. లాకర్ మీద ఉన్న ఫోన్ నంబర్‌కి చేయించండి, స్టేషన్ సిబ్బంది సాయం చేస్తారు. పెట్టెలో ఏమున్నాయో చెప్పి నిరూపించాలి, కాబట్టి మూసే ముందు పెట్టె ఫోటో ఒకటి ఉంచుకోండి. ఇది తెమలడానికి సమయం పడుతుంది, రైలుకి పది నిమిషాల ముందు బయటపడితే కష్టం.

లాకర్ ఎక్కడుందో గుర్తు రావట్లేదు. క్యోటో స్టేషన్‌లో ఇది నిజంగానే జరుగుతుంది. రసీదు మీద ఉన్న ప్రాంతం పేరును సమాచార కౌంటర్‌లో చూపించండి. తాళంచెవి లాకరైతే దాని మీది నంబరు చూపించాలి.

హోటల్‌కి పార్సిల్ రాలేదు. ముందు 12 అంకెల నంబరు ఆన్‌లైన్‌లో చూడండి. "చేరింది" అని ఉంటే అది హోటల్లోనే ఉంది, వేరే పేరు కింద పెట్టి ఉంటారు. ఇంటిపేరుతో ఒకసారి, సొంత పేరుతో ఒకసారి వెతకమనండి. చేరలేదని ఉంటే డెస్క్ వాళ్లచేత ఫోన్ చేయించండి. టైఫూన్, భారీ మంచు, సంవత్సరాంతం, ఏప్రిల్ చివరి వరుస సెలవులు, ఆగస్టు మధ్య రోజుల్లో ఒక రోజు ఆలస్యం మామూలే. ఆ కాలంలో వెళ్తుంటే చేతి బ్యాగులో రెండు జతల బట్టలు పెట్టుకోండి.

పెద్ద లాకర్లన్నీ నిండాయి, కౌంటర్ వేళ దాటింది. వెతుకుతూ గంట పోగొట్టుకోకండి. టాక్సీలో హోటల్‌కి వెళ్లి వదిలేయండి. ఆ రోజు క్యోటోలో బస లేకపోతే, సామాను దాచే యాప్‌లో చూడండి, లేదంటే పెద్దవాళ్లలో ఒకరు పెట్టెలతో స్టేషన్ భవనంలో కూర్చుంటే మిగతావాళ్లు దగ్గర్లోని తోజి చూసి రావచ్చు, తర్వాత వంతు మార్చుకోవచ్చు.

పెట్టెతోనే గుడి దాకా వచ్చేశారు. మెట్ల దగ్గర, గేటు పక్కన వదిలి లోపలికి వెళ్లొద్దు. దారికి అడ్డం, పైగా ఎవరిదో తెలియని పెట్టెగా చూస్తారు. టికెట్ కౌంటర్‌లో అడగండి. కొన్ని చోట్ల లాకర్లుంటాయి, క్యోటో జాతీయ మ్యూజియంలాంటి చోట వేసిన నాణెం తిరిగొచ్చే లాకర్లు ఉన్నాయి, కానీ వాటిలో చేతి బ్యాగులే పడతాయి. పెద్ద పెట్టెతో ఉంటే ఆ గుడిని మర్నాటికి మార్చుకోవడమే మంచిది.

మాత్రలు పార్సిల్ పెట్టెలో వెళ్లిపోయాయి. పెట్టె ఇంకా హోటల్ డెస్క్ దగ్గరే ఉంటే వెంటనే ఆపించండి, పికప్ వ్యాన్ వచ్చేదాకా అక్కడే ఉంటుంది. వెళ్లిపోయి ఉంటే దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లాలి, మందు చీటీ లేకుండా చాలా మందులు అక్కడ అమ్మరు. అందుకే మందుల చీటీలు, మాత్రల పేర్లు, మోతాదు ఫోన్‌లో ఫోటోలుగా ఉంచుకోండి. అమ్మానాన్నల ఫోన్లలో కూడా.